పాట కట్టడమూ... చదువే!

*ఇంటరయ్యాక ఇంజినీరింగా, డిగ్రీయా? ఈ ప్రశ్న ప్రతి ఇంట్లోనూ ఉండేదే. ‘సంగీతం కట్టడం చదువుతా’ అని పిల్లవాడు అంటేనే ఇల్లంతా ఉలిక్కిపడుతుంది. ఆ చదువులో ఏముంటుంది? ఎక్కడ దొరుకుతుంది? అన్నం పెడుతుందా?*

రాయలసీమలో ఎన్నో ఇళ్లలో కాలికింద చల్లగా తగిలేది బేతంచెర్ల బండే. గనిలోంచి తీసిన నాపరాయిని కోసి, నునుపుచేసి, లారీలకెక్కించే ఊరది. పొద్దున లేస్తే రాయి కోసే మిషన్ల రొద. ఆ రొదలోనూ శ్రుతి వెతుక్కునే కుర్రాడొకడు ఆ ఊళ్లో ఉన్నాడనుకుందాం. ఇంటర్ పాసయ్యాడు. కీబోర్డు మీద సొంతంగా నాలుగు ట్యూన్లు కట్టాడు. ఓ రాత్రి అన్నాల దగ్గర ధైర్యం చేసి మనసులో మాట చెప్పేశాడు.

‘‘నాయనా, నేను మ్యూజిక్ కంపోజిషన్‌లో డిగ్రీ చేస్తా.’’

‘‘పాట కట్టేదానికి గూడా డిగ్రీ ఉంటాదా రా?’’

‘‘అదేదో ఇంజినీరింగు చేసుకుంటా నేర్చుకోరాదా నాయనా?’’ అని తల్లి.

ఆ తల్లిదండ్రుల అనుమానంలో తప్పేమీ లేదు. పాడటం నేర్పుతారని అందరికీ తెలుసు, వీణ నేర్పుతారనీ తెలుసు. కానీ పాటను పుట్టించడం నేర్పుతారా? అది పుట్టుకతో రావాల్సిందే కదా!

ఆ జిల్లాలోనే కొలిమిగుండ్ల దగ్గర బెలుం గుహలున్నాయి. అందులో ‘సప్తస్వరాల గుహ’ను 2006లో సందర్శకులకు తెరిచారు. అక్కడ సున్నపురాతి ధారలను కర్రతోనో, వేలి కణుపుతోనో తడితే లోహంలా మోగుతాయి. రాయి అయితే స్వరం పలికింది. దాన్ని పాట చేయడం మాత్రం మనిషి పని. ఆ పని నేర్చుకుంటేనే వస్తుందని తెలుగువాళ్లు ఎప్పుడో గుర్తించారు.

అహోబిలంలో శిష్యుడు

ఆళ్లగడ్డ దగ్గరి అహోబిలానికి పదిహేనో శతాబ్దంలో ఓ యువకుడు వచ్చాడు. అక్కడి మఠాన్ని స్థాపించిన ఆదివన్ శఠకోప యతి దగ్గర శిష్యుడిగా చేరి వేదాంతం చదివాడు. ఆయనే తాళ్లపాక అన్నమాచార్యుడు. ఈ సంగతి మనవడు చిన్నన్న ద్విపదలో రాసిన ‘అన్నమాచార్య చరిత్రము’ చెబుతుంది. ముప్ఫైరెండు వేల సంకీర్తనలు రాశాడని పేరున్న ఆ మహానుభావుడు అంతటితో ఆగలేదు. సంకీర్తన ఎలా ఉండాలో చెబుతూ సంస్కృతంలో ఓ లక్షణ గ్రంథం కూడా రాశాడు. మూలం మనకు దక్కలేదు. మరో మనవడు చిన తిరుమలాచార్యుడు తెలుగులో చేసిన ‘సంకీర్తన లక్షణము’ మిగిలింది. పాట కట్టే విద్యకు తెలుగులో అదో పాఠ్యపుస్తకం!

తిరుమలలో దొరికిన రాగిరేకుల మీద ఆ సంకీర్తనల సాహిత్యం ఉంది, రాగం పేరు ఉంది. స్వరాలు మాత్రం లేవు. ఆ పాటలు మళ్లీ జనం నోట పలకాలంటే ఎవరో ఒకరు కొత్తగా బాణీ కట్టాల్సిందే. అనంతపురం జిల్లాలో పుట్టిన రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ, ఆ తర్వాత నేదునూరి కృష్ణమూర్తి, గరిమెళ్ల బాలకృష్ణప్రసాద్ వంటివారు ఆ పనికి పూనుకున్నారు. ఈరోజు మనం ఇళ్లలో పాడుకునే అన్నమయ్య పాటల్లో చాలావాటికి మాట అయిదొందల ఏళ్ల కిందటిది. బాణీ ఇరవయ్యో శతాబ్దానిది!

ఎంగిలి కాని మాట

పదమూడో శతాబ్దంలో శార్ఙ్గదేవుడు ‘సంగీత రత్నాకరం’ రాశాడు. పాటలోని మాటను ‘మాతువు’ అనీ, స్వరాన్ని ‘ధాతువు’ అనీ అన్నాడు. రెండూ కట్టగలిగినవాడే వాగ్గేయకారుడు. అతనికి ఉండాల్సిన లక్షణాల జాబితా చూస్తే ఏ విశ్వవిద్యాలయం సిలబసో అనిపిస్తుంది. వ్యాకరణం తెలియాలి, ఛందస్సు తెలియాలి, తాళం, లయ తెలియాలి. ఎదుటివారి మనసు గ్రహించగలగాలి. త్వరగా పాట కట్టగలగాలి. ఇంకొకరి ఎంగిలి మాటలు వాడకూడదు!

మాట మధురంగా ఉన్నా బాణీ బలహీనంగా ఉంటే అలాంటివారిని చివరి తరగతిలో కూర్చోబెట్టాడాయన. అంటే, పాటకు ప్రాణం బాణీ అని ఏడొందల ఏళ్ల కిందటే తీర్పు చెప్పేశారన్నమాట.

ఉంగరం అమ్మి...

మన దగ్గర సంగీతానికి కాలేజీ అంటే గుర్తొచ్చేది విజయనగరం. 1919లో పూసపాటి సంస్థానాధీశులు పెట్టిన ఆ పాఠశాలకు ఆదిభట్ల నారాయణదాసు మొదటి ప్రిన్సిపాల్. ఘంటసాల వెంకటేశ్వరరావు చేతి ఉంగరం అమ్ముకుని అక్కడికి బయల్దేరారు. పట్రాయని సీతారామశాస్త్రి చేరదీసి పాఠం చెప్పారు. ఇల్లిల్లూ తిరిగి మధుకరం ఎత్తుకుని ఆకలి తీర్చుకున్న ఆ కుర్రాడే ‘పాతాళభైరవి’ (1951) వంటి సినిమాలకు సంగీత దర్శకుడయ్యాడు. నేదునూరి చదివిందీ ఆ కళాశాలలోనే.

ఇక్కడో చిక్కుంది. ఆ ఇద్దరికీ అక్కడ నేర్పింది పాడటం, వాయించడం. బాణీ కట్టడం ఆ తర్వాత వాళ్లంతట వాళ్లు సాధించుకున్నది. ఇప్పటికీ ప్రభుత్వ సంగీత కళాశాలల్లో నాలుగేళ్ల సర్టిఫికెట్, ఆపైన రెండేళ్ల డిప్లొమా ప్రధానంగా గాత్రం, వీణ, వయొలిన్, మృదంగం వంటి వాటిలోనే. బేతంచెర్ల కుర్రాడికి అందుబాటులో కర్నూలులో శారదా సంగీత కళాశాల ఉంది. తిరుపతిలో టీటీడీ నడిపే శ్రీవేంకటేశ్వర సంగీత నృత్య కళాశాల ఉంది. పునాదికి ఇవి బంగారం లాంటివి. కంపోజిషనే ముఖ్య విషయంగా డిగ్రీ కావాలంటే మాత్రం పొలిమేర దాటాల్సిందే.

ఆర్కెస్ట్రాయే కాలేజీ

మరి మన సినిమా సంగీత దర్శకులంతా ఎక్కడ చదివారు? చాలామందికి రికార్డింగ్ థియేటరే తరగతి గది. ఆస్కార్ అందుకున్న (2023) కీరవాణి మొదట చక్రవర్తి దగ్గర సహాయకుడు. రాజ్-కోటి ఇద్దరూ అక్కడే పనిచేశారు. ఆ రాజ్-కోటి దగ్గర కీబోర్డు వాయించినవారిలో ఏఆర్ రెహమాన్ ఒకరు. వయొలిన్లకు ఏ నోటు రాయాలి, ఫ్లూట్‌ను ఎప్పుడు లేపాలి... పక్కన నిలబడి చూస్తూ నేర్చుకున్నారు.

కంప్యూటర్లు వచ్చాక పాట తయారీ చిన్న గదుల్లోకి మారింది. యాభై మంది కళాకారులు ఒకేచోట కూర్చుని వాయించే రోజులు తగ్గాయి. పక్కన నిలబడి చూసే అవకాశమూ తగ్గింది. తరగతి గది అవసరం పెరిగింది అందుకే.

నాలుగు గొంతుల లెక్క

కంపోజిషన్ డిగ్రీ బ్రిటన్‌లో మూడు లేదా నాలుగేళ్లు, అమెరికాలో సాధారణంగా నాలుగేళ్లు. మొదటి పాఠాల్లో ముఖ్యమైనది ‘హార్మనీ’. ఒకే పాటను నాలుగు గొంతులకు రాయాలి. పైగొంతు ఒక దారి, కిందిగొంతు ఒక దారి, మధ్యలో ఇద్దరు. నలుగురూ కలిసి పాడాలి, ఎవరి పాట వారిదిగా ఉండాలి. ఇందులో ఓ పాత నియమం ఉంది. స-ప దూరంలో ఉన్న రెండు గొంతులు అదే దూరం పాటిస్తూ ముందుకు నడవకూడదు. అలా నడిస్తే రెండు గొంతులూ ఒకటైపోయినట్టు వినిపిస్తుంది. నలుగురి కచేరీ ముగ్గురిదైపోతుంది!

తర్వాత ‘కౌంటర్‌పాయింట్’. అంటే, ఒక బాణీకి ఎదురుగా మరో బాణీ నడపడం. ఆపైన ‘ఆర్కెస్ట్రేషన్’. ఏ వాద్యం ఎంత కిందికి దిగగలదు, ఎంత పైకి ఎక్కగలదు అన్నీ గుర్తుండాలి. వేణువు వాయించేవాడికి ఊపిరి పీల్చుకునే చోటు కాగితం మీదే వదలాలి. వేణువు కింది స్థాయిలో పలుకుతున్నప్పుడు ట్రంపెట్లు గట్టిగా మోగితే ఆ వేణువు రాసినవాడికి తప్ప ఎవరికీ వినిపించదు. వీటితోపాటు విని రాయడం ఉంటుంది. టీచరు వాయించింది విద్యార్థి అక్కడికక్కడే స్వరాల్లోకి దింపాలి. బాక్, బీథోవెన్ వంటివారి రచనలను విప్పి చూడటమూ రోజువారీ పనే.

అన్నిటికన్నా విలువైంది మరోటి. విద్యార్థి రాసినదాన్ని తోటి విద్యార్థులు వాయించి చూపిస్తారు. కంప్యూటర్‌లో అద్భుతంగా వినిపించింది మనుషుల చేతుల్లో తేలిపోవచ్చు. ఆ పరాభవం తరగతిలో జరగడమే మంచిది. మళ్లీ రాసుకోవచ్చు!

మన పిల్లలకు ఇక్కడ ఒక బలం ఉంది, ఒక లోటు ఉంది. డెబ్భైరెండు మేళకర్తలు, లెక్కలేనన్ని జన్యరాగాలు, గమకాలు... ఒక్క బాణీని ఎంత లోతుగా నడపొచ్చో కర్ణాటక సంగీతం నేర్చినవాడికి తెలుసు. సుబ్బరామ దీక్షితులు 1904లో ఎట్టయపురంలో అచ్చువేయించిన ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’లో గమకాలకు గుర్తులు సైతం పెట్టారు. అదీ తెలుగు లిపిలో! లోటు ఏమిటంటే, పాశ్చాత్య స్వరలిపి చదవడం మన బడుల్లో అలవాటు లేదు. ప్రవేశ పరీక్షలో చాలామంది తడబడేది అక్కడే.

దారి చెన్నై మీదుగా...

మనకు దగ్గర్లో చెప్పుకోదగ్గది చెన్నైలో రెహమాన్ 2008లో పెట్టిన కేఎం మ్యూజిక్ కన్జర్వేటరీ. లండన్‌లోని మిడిల్‌సెక్స్ విశ్వవిద్యాలయంతో దానికి ఏర్పడిన సంబంధం వల్ల, చెన్నైలో డిప్లొమా ముగించి చివరి ఏడాది లండన్‌లో చదివి డిగ్రీ అందుకునే దారి అక్కడి విద్యార్థులకు తెరుచుకుంది. అమెరికాలోని బోస్టన్‌లో 1945లో మొదలైన బర్‌క్లీలో కంపోజిషన్‌కు, సినిమా సంగీతానికి వేర్వేరు కోర్సులున్నాయి. ఫీజు మాత్రం రాయి గుండెలవారికే! స్కాలర్‌షిప్ లేకుండా మధ్యతరగతి కుటుంబం ఆ గడప తొక్కడం కష్టం.

అలాగని అన్ని తలుపులూ డబ్బుతోనే తెరుచుకోవు. ఫిలడెల్ఫియాలోని కర్టిస్ సంస్థ 1928 నుంచి ఎవరి దగ్గరా ట్యూషన్ ఫీజు తీసుకోవడం లేదు. కాకపోతే సీట్లు బహు తక్కువ. జర్మనీ ప్రభుత్వ సంగీత విశ్వవిద్యాలయాల్లో చాలాచోట్ల ట్యూషన్ ఫీజు ఉండదు. బాడెన్-వుర్టెంబర్గ్ రాష్ట్రంలో మాత్రం 2017 నుంచి యూరప్ కూటమి బయటి విద్యార్థులకు సెమిస్టర్‌కు 1500 యూరోలు వసూలు చేస్తున్నారు. జర్మన్ భాష నేర్చుకోవాలి, ఖర్చులకు డబ్బు చూపించాలి. కష్టమే. అసాధ్యం కాదు.

అన్నం పెడుతుందా?

నాయన అడిగే అసలు ప్రశ్న ఇదే. ఇంజినీరింగులా క్యాంపస్ ప్లేస్‌మెంట్లను నమ్ముకుని చేరే చదువు కాదిది. సినిమా అవకాశం అదృష్టం, పరిచయాలు, ఓపిక కలిసొస్తేగానీ రాదు. కానీ సినిమా ఒక్కటే దారి కాదు. ప్రకటనలు, వీడియో గేములు, వెబ్ సిరీస్‌లు, నృత్యరూపకాలు... అన్నిటికీ సంగీతం కట్టేవారు కావాలి. బాలాంత్రపు రజనీకాంతరావు వంటివారు ఆకాశవాణిలో ఉద్యోగం చేస్తూనే తెలుగు లలిత సంగీతానికి ఓ రూపమిచ్చారు. బోధన మరో ఆధారం. కేంద్రీయ విద్యాలయాల్లో ప్రైమరీ సంగీత టీచరు పోస్టుకు సంగీతంలో డిగ్రీ అర్హత. 2022 నోటిఫికేషన్‌లో అలాంటి పోస్టులు 303 ఉన్నాయి.

ఇంకో ధైర్యం చట్టం ఇచ్చింది. 2012లో కాపీరైట్ చట్టాన్ని సవరించాక, సినిమా పాటను థియేటర్‌లో కాకుండా ఇతరత్రా వాడుకున్నప్పుడు వచ్చే రాయల్టీలో స్వరకర్తకూ, రచయితకూ సమాన వాటా హక్కుంది. ఒకసారి డబ్బు పుచ్చుకుని ఆ హక్కును రాసిచ్చేయడం కుదరదు. పాట బతికున్నంతకాలం కట్టినవాడికీ ఎంతో కొంత దక్కాలన్నది దాని ఉద్దేశం.

‘ఇప్పుడు కంప్యూటరే పాట కట్టేస్తోంది కదా’ అంటారా? నిజమే. నాలుగు మాటలు టైప్ చేస్తే నిమిషంలో పాట వినిపించే ప్రోగ్రాములు 2023 నుంచి జనంలోకి వచ్చేశాయి. మామూలు పనులు కొన్ని వాటి చేతికి పోతాయి. అందుకే అరకొరగా నేర్చినవాడికి గడ్డుకాలం. ఏ స్వరం ఎందుకు పెట్టాడో చెప్పగలిగినవాడు నిలబడతాడు.

చేరేముందు ఓ ఏడాది

కాబట్టి లక్షలు అప్పుచేసే ముందు ఓ ఏడాది పరీక్ష పెట్టుకోవచ్చు. ఒక వాద్యమో, గాత్రమో గురువు దగ్గర క్రమంగా నేర్చుకోవాలి. ట్రినిటీ వంటి సంస్థలు ఎనిమిది గ్రేడ్ల పరీక్షలు పెడతాయి. స్వరలిపిలో వాటి థియరీ అయిదో గ్రేడ్ దాకా చదవాలి. మ్యూజ్‌స్కోర్ లాంటి సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది. దాంట్లో నెలకో చిన్న రచన పూర్తిచేయాలి. కాలేజీలు అడిగేది సాధారణంగా సొంత రచనలు, వాటి రికార్డింగులే. మార్కుల జాబితా ఆ తర్వాతే. ఏడాదికి పన్నెండు రచనలు చేతికొస్తే అందులో మూడు బాగున్నా చాలు. మూడు నెలలకే విసుగొస్తే... అదీ మంచిదే. ఇల్లు అప్పుల పాలుకాకుండానే సంగతి తెలిసిపోయింది!

బేతంచెర్లవారికి ఇది కొత్త లెక్కేం కాదు. గనిలోంచి వచ్చిన రాయి నేరుగా ఇంటికి పోదు. కోత పడాలి, అంచులు సరిచేయాలి, నునుపు తేలాలి. రాయిలో సత్తువ లేకుంటే మిషను దగ్గర పగిలిపోతుంది. సత్తువున్నా మిషను ఎక్కకపోతే గని దగ్గరే పడి ఉంటుంది. ఆ రాత్రి అన్నాల దగ్గర తలవంచుకు కూర్చున్న కుర్రాడికి ఆ ఏడాది గడువు ఇచ్చి చూడమనండి. ‘ఉంటాదా రా డిగ్రీ?’ అని అడిగిన నాయనే, పన్నెండో పాట విన్నాక, కర్నూలు బస్సెక్కడానికి ముందుగా లేస్తాడేమో!