వంకాయలో వెలుగునీడలు

కలర్ పెన్సిళ్లతో ఉన్న వస్తువును ఉన్నట్టు గీయడం నేర్చుకోవాలంటే వంకాయతో మొదలుపెట్టమంటాను. నున్నటి చర్మం, ముదురు రంగు, మెరుపు, పచ్చటి తొడిమ అన్నీ ఆ ఒక్క కాయలోనే దొరుకుతాయి. నిగనిగలాడే కాయను కిటికీ పక్కన తెల్లగుడ్డ మీద పెట్టి, గదిలో లైటు ఆర్పేయండి. వెలుగు ఒక్క వైపు నుంచే పడాలి.

పెన్సిలు పట్టే ముందు కళ్లు సగం మూసి చూడండి. రంగులు వెనక్కి తగ్గి వెలుగునీడలు తేలతాయి. మెరుపు కిటికీ ఆకారంలోనే ఉండి, కాయ వంపుతో పాటు వంగుతుంది. ఆకాశం నుంచి వచ్చే వెలుగైతే అందులో లేత నీలం ఉంటుంది. నీడవైపు అంచు దగ్గర కాయ మళ్లీ కాస్త తేటపడుతుంది. గుడ్డ మీద పడిన వెలుగు తిరిగి కాయకు తగలడమే కారణం. చాలామంది వదిలేసేది దీన్నే. అది లేని కాయ గుండ్రంగా అనిపించదు. అన్నిటికన్నా ముదురు చోటు కాయ గుడ్డకు ఆనిన సన్నటి గీత.

పెన్సిలు రంగంటే మైనంతోనో నూనెతోనో కలిపి కట్టిన రంగుపొడి. పేపరు గరుకులో చిక్కుకుని నిలుస్తుంది. మొదటే గట్టిగా నొక్కితే ఆ గరుకు నిండిపోయి, పై రంగు పట్టక జారుతుంది. అందుకే మొన సన్నగా చెక్కి, చెయ్యి తేలిగ్గా ఉంచి, పొర మీద పొర వేయాలి. ముందు లేత నీలం, దానిపై ఎర్రటి ఊదా, ఆపైన ముదురు నీలం, నీడలో ముదురు గోధుమ. కింది రంగులు పైకి కనిపిస్తూ ఉంటాయి కనుకే ఊదాకు లోతు వస్తుంది. ఒట్టి నలుపు రుద్దితే ఆ లోతు పోతుంది. నలుపును కాయ గుడ్డకు ఆనిన గీతకే దాచుకోండి. తొడిమ నీడకు ఆకుపచ్చలో కాస్త ఎరుపు కలిపితే చాలు.

మెరుపు ఉన్నచోట పేపరును ఖాళీగా వదిలేయాలి. ముదురు రంగు మీద తెల్ల పెన్సిలు పెడితే బూడిదరంగు తేలుతుందే తప్ప తెలుపు రాదు. గట్టిగా రుద్ది నునుపు చేయడం చిట్టచివరి పని. మైనం పెన్సిళ్లయితే మందమైన పొరల మీద కొన్నాళ్లకు మసక తేలవచ్చు; మెత్తని గుడ్డతో మెల్లగా తుడిస్తే పోతుంది.

ఫేబర్-కాస్టెల్ కంపెనీ పాలీక్రోమోస్ పెన్సిళ్లలో 120 రంగులున్నాయి గానీ, నేర్చుకోవడానికి 24 చాలు. రంగుల సంఖ్య కన్నా అవి వెలుగుకు ఎంత నిలుస్తాయన్నది ముఖ్యం. వెలిసిపోయేవాటిలో గులాబీ, ఊదా రంగులే ఎక్కువ; వంకాయకు కావలసినవీ అవే. కళాకారుల పెన్సిళ్లకు ఏఎస్‌టీఎం డీ6901 అనే ప్రమాణం ఉంది. పెట్టె మీద ఆ వివరం లేకపోతే మీరే పరీక్షించండి: ప్రతి రంగునూ పట్టీగా వేసి, సగం అట్టతో కప్పి, ఎండ తగిలేచోట కొన్ని నెలలు ఉంచండి. రెండు సగాల మధ్య తేడా కనిపించిన పెన్సిలును సాధన పుస్తకానికే పరిమితం చేయండి.