కదలుబొమ్మ యేల మసకబాఱును?

గత దీపావళినాడు మా యింట నొక తగవు పుట్టినది. తప్పు నాదే యగుటచే దానిని దాచక వ్రాయుచున్నాను.

మా పెద్దమ్మాయి ఇంటరు రెండవ సంవత్సరము చదువుచున్నది. నాయనమ్మ యిచ్చిన సొమ్మును, రెండేండ్లుగా తాను కూడబెట్టిన చిల్లరను జేర్చి, పండుగకు నాలుగు నెలల ముందు ఆటలకొఱకని ప్రత్యేకముగా జేసిన కంప్యూటరు మానిటరు నొకదానిని గొన్నది. సెకండునకు 144 మాఱులు బొమ్మ మార్చుననియు, పరుగెత్తు బొమ్మ మసకబాఱదనియు దుకాణదారుడు చెప్పెనట. కాని మొదటి వారమునుండియు పిల్ల, “బొమ్మ కదలునప్పుడు అలుకుకొనిపోవుచున్నదమ్మా” యని మొఱపెట్టుచునే యున్నది. నేత్రదోషమేమో యని భయపడి వైద్యునియొద్దకు గొనిపోతిని. కన్నులు నిక్షేపముగా నున్నవని యాయన చెప్పెను. అంతట, “మఱింత ఖరీదైనది కొనిపించుకొనుటకే యీ కల్లలు” అని నేను కసరితిని. పండుగపూట పిల్ల అన్నము ముట్టక పండుకొన్నది.

ఆ రాత్రి మా చిన్నవాడు కాకరపువ్వొత్తిని గిరగిర ద్రిప్పుచుండగా అత్తగారు, “నిప్పు ఒక్కచోటనే యున్నది, మన కంటికి మాత్రము చక్రమై తోచుచున్నది, చూచితివా” అనిరి. కొఱవిని ద్రిప్పిన నగుపడు ఈ చక్రమునే మన పెద్దలు అలాతచక్ర మనిరి. గౌడపాదాచార్యులవారి మాండూక్యకారికలలో నాలుగవ ప్రకరణమునకు అలాతశాంతి యనియే పేరు. ఉన్నది వేఱు, కన్ను చూచునది వేఱు అను నామాట నామనస్సున నాటుకొన్నది. పిల్ల చెప్పునది నిజమేమో యను శంకయు గలిగినది. మఱునాటినుండి యీ విషయమును విచారింప మొదలిడితిని.

తెఱమీద ఏదియు కదలదు. ఒకదాని వెనుక నొకటిగా నిలుకడ బొమ్మలు వచ్చుచుండ, మన మనస్సు వానిని కలిపి కదలికగా జేసికొనుచున్నది. సెకండునకు 60 బొమ్మలు వచ్చు తెఱమీద నొక్కొక్క బొమ్మ 16.7 మిల్లీసెకండులు నిలుచును. మిల్లీసెకం డనగా సెకండులో వేయవ భాగము. పరుగెత్తు బొమ్మను వెంబడించునపుడు మన కనుగ్రుడ్డు ఆగియాగి పోదు, నున్నగా జాఱుచు బోవును. బొమ్మ నిలిచి యుండ కన్ను సాగిపోవుటచే ఆ బొమ్మయొక్క వెలుగు కంటిలోపలి పొరమీద నలుముకొనును. మసక యనునది ముఖ్యముగా నిదియే. తెఱలో గాదు, మన కంటిలోనే పుట్టుచున్నది.

ముగ్గు వేయువారి కిది సులభముగా దెలియును. చేయి సాగుచుండగా పిండిని జాఱవిడిచితిమేని గీత పడును. చిటికెడు విదిల్చి వ్రేళ్లు మూసితిమేని చుక్క పడును. చేయి కన్ననుకొనుడు, పిండి వెలుగనుకొనుడు. నేటి ద్రవస్ఫటికపు తెఱలు తరువాతి బొమ్మ వచ్చువఱకు వెలుగును జాఱవిడుచుచునే యుండును గావున గీత పడుచున్నది. మన చిన్ననాటి బరువైన టెలివిజను పెట్టెలు, జర్మనీ దేశపు శాస్త్రజ్ఞుడు ఫెర్డినాండ్ బ్రౌన్ 1897లో నిర్మించిన గొట్టమునుండి వచ్చినవి. వానిలో ప్రతి చుక్కయు తళుక్కున మెఱసి ఆఱిపోయెడిది. అందుచే కదలుబొమ్మ స్పష్టతలో నా ముసలి పెట్టెలే యనేక సంవత్సరములు మేలనిపించుకొన్నవి!

లెక్కయు గష్టము గాదు. బొమ్మ సెకండునకు వేయి చుక్కల వేగమున పోవుచున్నచో, అది నిలిచిన యొక్కొక్క మిల్లీసెకండునకు నొక చుక్క వెడల్పున మసక యేర్పడును. 60 బొమ్మల తెఱమీద సుమారు 17 చుక్కల మసక. 144 అయినచో 7. 240 అయినచో 4. అనగా 60 నుండి 144కు బోవుటలో లాభము మెండు. 240 నుండి 360కి బోవుటలో మిగులునది ఒకటిన్నర మిల్లీసెకం డైనను గాదు. ఆ కొంచెమునకు వేలకొలది రూపాయలు పోయుట నాకు సమ్మతము గాదు. పందెపు పోటీలాడువారి మాట వేఱు. ఇంకొక సంగతి. తెఱ యెంత వేగము గలదైనను లోపలి యంత్రము అన్ని బొమ్మలు గీయలేనిచో పాత బొమ్మనే మరల చూపును, మసక తగ్గదు. సినిమాలు సెకండునకు 24 బొమ్మలుగా తీయబడినవి గావున వానికొఱకీ తెఱ కొననక్కఱ లేదు.

రెండవ కారణము కూడ గలదు. ద్రవస్ఫటికములు రంగు మార్చుకొనుటకు గొంత కాలము పట్టును. అవి మందములైనచో బొమ్మ వెనుక దయ్యపునీడవంటి తోక కనబడును. దీనికై ఓవర్‌డ్రైవ్ అను నేర్పాటు గలదు. అది మితిమీఱినచో తోకకు బదులు తెల్లని యంచు పుట్టును; నడిమి మెట్టున నుంచుట మేలు. ఓలెడ్ తెఱలలో రంగుమార్పు అతిశీఘ్రము. ఐనను అవియు బొమ్మను నిలిపి చూపునవే గావున మొదటి మసక వానికిని దప్పదు. ఇక డబ్బామీద “ఒక మిల్లీసెకండు” అని పెద్ద యక్షరములతో నుండునే, అది రంగు మాఱు కాలమో, బొమ్మ నిలుచు కాలమో యడిగి తెలిసికొనవలెను. రెండును వేఱు. రెండవది సాధారణముగా తెఱ వెనుకటి దీపమును ఆర్పి వెలిగించు ఏర్పాటు నడచునపుడు మాత్రమే నిజమగును.

ఆ యేర్పాటు చిటికెడు పిండి విదిల్చుటవంటిది. ప్రతి బొమ్మకును దీప మొక్క క్షణము వెలిగి యాఱును. ఎన్‌విడియావారు దీనిని యు.ఎల్.ఎం.బి. యందురు, ఇతరులు వేఱు పేర్లు పెట్టిరి. స్పష్టత యద్భుతమే కాని వెలుగు తగ్గును; ఆ రెపరెప కొందఱికి తలనొప్పి దెచ్చును. జపానులో 1997 డిసెంబరు 16వ తేదీన పోకెమాన్ కార్యక్రమమున ఎఱుపు నీలములు సెకండునకు సుమారు 12 మాఱులు మెఱయగా ఆఱువందలకు పైగా పిల్లలు ఆసుపత్రుల పాలైరి. ఈ తెఱల రెపరెప దానికంటె మిక్కిలి వేగమైనది గావున రెండును నొకటి గావు. ఐనను మూర్ఛవ్యాధి గల పిల్ల లున్న యింట వైద్యు నడుగక దీనిని నడుపరాదు.

ఇంతయు దెలిసికొన్న పిదప ఒక ఆదివారము పిల్లయు నేనును కంప్యూటరు ముందు గూర్చుంటిమి. సెట్టింగ్సులో సిస్టం, అందు డిస్‌ప్లే, దానిలో అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లే యను చోట చూడగా, 144 బొమ్మల తెఱ తొలినాటినుండియు 60 మీదనే నడచుచున్నట్లు తేలినది! అమ్మినవాడు చెప్పలేదు, మాకు దెలియలేదు. మార్చబోగా 144 అను నంకెయే కనబడలేదు. ఇంట నున్న పాత తీగె వేసి యుంటిమి. డబ్బాలోని తీగె మార్చినపిదప కనబడినది. కదలుచున్న యక్షరములను పిల్ల చదివి చూపినది. నాకును చదువ వచ్చినవి.

“చూచితివా, నేను కల్ల లాడలేదు” అని మాత్ర మన్నది. “నిజమే తల్లీ, నాదే పొరపాటు” అంటిని. అత్తగారు ప్రక్కగదినుండి, “పండుగనాటి బొబ్బట్లు దానికి మరల చేసిపెట్టు” మనిరి. ఆ సాయంకాలమే చేసితిని. దీపము రెపరెపలాడించు ఏర్పాటును గూడ రెండు దినములు పరీక్షించితిమి. పిల్లకు నుదురు నొచ్చినందున తీసివేసితిమి. ఇప్పుడు 144తోనే యాడుచున్నది, గంటసేపు. నడుమ ఇరువది నిమిషముల కొకమాఱు లేచి పెరటిలోని కొబ్బరిచెట్టు వైపు చూచి వచ్చుచున్నది.