అద్దం చూసుకుంటే జబ్బేనా?

వనపర్తి జిల్లా కొత్తకోట. హైదరాబాద్-బెంగళూరు రహదారి పక్కన, మగ్గాలకు పేరున్న ఊరు. అక్కడో పెళ్లింట్లో గద్వాల చీర కట్టుకున్న ఓ అమ్మాయి సెల్‌ఫోన్‌లో పదో ఫొటో తీసుకుంటోందనుకుందాం. 'అక్కకు నార్సిసిజం పట్టుకుంది' అన్నాడు డిగ్రీ చదివే తమ్ముడు. యూట్యూబ్‌లో చూశాడు మరి! ఆ మాట అర్థంకాని పెద్దమ్మ, 'మా కాలంల దీన్ని సోకు అనేటోళ్లు బిడ్డా' అంది.

నిజానికి పెద్దమ్మ మాటే కరెక్టు!

గ్రీకు పురాణంలోని నార్సిసస్ నీళ్లలో తన నీడ చూసుకుని మనసు పారేసుకున్నాడు. ఓవిడ్ చెప్పిన కథలోనైతే, అది తన నీడేనని మొదట గుర్తుపట్టనే లేదు. 1914లో ఫ్రాయిడ్ ఈ విషయం మీద వ్యాసం రాస్తూ, తనమీద తనకు కొంత ప్రేమ అందరిలోనూ ఉండేదేనన్నాడు. అమెరికా మానసిక వైద్యుల సంఘం దీన్ని వ్యక్తిత్వ లోపంగా తన పుస్తకంలో చేర్చింది 1980లో. ఆ లెక్క ప్రకారం తొమ్మిది లక్షణాల్లో కనీసం ఐదు ఉండాలి. అవీ ఒక పూటకో, ఒక గొడవకో కాదు... యుక్తవయసు నుంచీ ఇంటా బయటా కనిపిస్తూ, బతుకును దెబ్బతీస్తుండాలి. వాటిలో సెల్ఫీల ఊసే లేదు. 'సెల్ఫీలు తీసుకోవడం జబ్బేనని వైద్యులు తేల్చారు' అని 2014లో లోకమంతా నమ్మిన వార్త, ఓ వ్యంగ్య వెబ్‌సైట్ పుట్టించింది!

మరో అపోహ... వీళ్లకు తమమీద తమకు అంతులేని నమ్మకం అని. చాలామందిలో ఆ డాబు వెనక చిన్నమాటకే చితికిపోయే మనసుంటుంది. కూరలో ఉప్పెక్కువైందన్నా అవమానంగా తీసుకునేవాళ్లు ఉంటారు. వీళ్లు ఎన్నటికీ మారరనడమూ తప్పే. ప్రత్యేకంగా మందంటూ లేకపోయినా, ఓపిగ్గా సాగే కౌన్సెలింగ్‌తో కొందరిలో మార్పు వస్తుంది.

అసలు చిక్కు ఇక్కడుంది. మాటలతో కుళ్లబొడిచే, డబ్బివ్వకుండా ఏడిపించే భర్త గురించి 'ఆయన నార్సిసిస్టు, అది జబ్బు, ఏం చేస్తాం' అని సరిపెట్టుకునే ఇల్లాళ్లున్నారు. జబ్బుంటే ఉండొచ్చు, లేకపోవచ్చు. తేల్చాల్సింది డాక్టరు, వీడియో కాదు. హింస మాత్రం హింసే. 2005 గృహహింస చట్టం కింద సాయం అడగడానికి భర్తకు ఏ జబ్బుందో నిరూపించక్కర్లేదు. మాటలతో పెట్టే బాధ, డబ్బు విషయంలో పెట్టే బాధ కూడా అందులోకి వస్తాయి. మహిళల హెల్ప్‌లైన్ 181. మనసు బాగోలేనివాళ్లకూ, వాళ్లతో వేగలేక అలసిపోయినవాళ్లకూ 2022లో మొదలైన టెలీ మానస్ ఉంది... 14416కు ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడొచ్చు.