బస్తర్‌లో వెరియర్ ఎల్విన్: సాక్ష్యమూ మౌనమూ

వెరియర్ ఎల్విన్ 1902లో ఇంగ్లండులోని డోవర్‌లో జన్మించారు. ఆక్స్‌ఫర్డ్‌లో విద్యాభ్యాసం ముగించి, 1927లో క్రైస్తవ సేవాసంఘ సభ్యునిగా పూనాకు వచ్చారు. అనంతరం చర్చిని వీడారు. గాంధీజీకి సన్నిహితులై కూడా మద్యనిషేధం వంటి ఆశ్రమ నియమాలను గోండులపై రుద్దరాదని వాదించి, ఆ మార్గానికీ దూరమయ్యారు. అమెరికన్ ప్రతిసంస్కృతి కవులు ఆలెన్ గిన్స్‌బర్గ్, గ్యారీ స్నైడర్ 1962లో భారతదేశంలో పర్యటించే నాటికి, ఎల్విన్ ఆదివాసుల మధ్యకు చేరి మూడు దశాబ్దాలు గడిచాయి.

1940 దశకంలో బస్తర్ సంస్థానంలో ఆయన చేసిన కృషి నుంచి రెండు ప్రధాన గ్రంథాలు వెలువడ్డాయి. 1943 నాటి గ్రంథం మారియాలలో జరిగిన 100 హత్యలను, 50 ఆత్మహత్యలను పరిశీలించింది. అనాగరిక స్వభావమే నేరానికి మూలమన్న అభిప్రాయాన్ని ఆయన అంగీకరించలేదు. కుటుంబ కలహం, అవమానం, మద్యం, మంత్రగాళ్లన్న అనుమానం వంటి కారణాలను ఒక్కొక్క కేసు నుంచీ వెలికితీశారు. 1947 నాటి గ్రంథం మురియా యువతీయువకుల సామూహిక నివాసమైన ఘోటుల్‌ను వర్ణించింది.

పురాతత్త్వ పరిశోధకులకు ఆయన 1945లో బస్తర్ అంత్యక్రియలపై ప్రచురించిన వ్యాసం విశేషంగా ఉపకరిస్తుంది. తెలంగాణలోని ఇనుపయుగ సమాధుల వద్ద నిలువురాళ్లు మాత్రమే మనకు మిగిలాయి. బస్తర్‌లో రాయిని నిలిపే వారు, దాని కారణం చెప్పేవారు కూడా ఉన్నారు. అయితే ఆచారాల పోలికను వంశక్రమానికి నిదర్శనంగా గ్రహించరాదు. ఆ పోలిక మనకు ప్రశ్నలను మాత్రమే అందిస్తుంది. సమాధానం తవ్వకంలోనే లభించాలి.

ఎల్విన్ గిరిజనులను ప్రదర్శనశాల వస్తువులుగా నిలిపి ఉంచదలచారన్న విమర్శ ఆనాడే వచ్చింది. జి. ఎస్. ఘుర్యే 1943లో ఏకాంత రక్షణ విధానాన్ని తీవ్రంగా ఖండించారు. 1954 నుంచి ఈశాన్య సరిహద్దు ప్రాంతంలో సలహాదారుగా పనిచేసిన ఎల్విన్, పూర్తి ఏకాంతమూ బలవంతపు మార్పూ రెండింటికీ భిన్నమైన మధ్యేమార్గాన్ని సూచించారు. గిరిజనాభివృద్ధికి నెహ్రూ నిర్దేశించిన ఐదు సూత్రాలు ‘పంచశీల’ పేరుతోనే ప్రసిద్ధికెక్కాయి. బౌద్ధమైన ఆ పదం ఇక్కడ పాలనకు సంయమనాన్ని బోధించింది.

ఆయన రచనలలో ఒక మౌనం కూడా ఉంది. 1940లో ఆయన ఒక గోండు యువతిని వివాహమాడారు; 1949లో ఆ బంధం విడాకులతో ముగిసింది. ఎందరో స్త్రీల మనోభావాలను విస్తారంగా నమోదు చేసిన ఎల్విన్, ఆత్మకథలో ఈ దాంపత్యాన్ని కొద్ది మాటలతో దాటవేశారు. 1964లో ఆయన మరణించిన తరువాత, 1965లో ఆ ఆత్మకథకే సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది.

కనుక బస్తర్‌కు సంబంధించి ఎల్విన్ గ్రంథాలు అమూల్య సాక్ష్యాలే. కాని అవి ఒక వ్యక్తి ఇచ్చిన సాక్ష్యాలు. వాటిలో ఎవరి మాట వినిపిస్తున్నదో, ఎవరి మాట వినిపించడం లేదో గుర్తిస్తూ చదవడం పరిశోధకుని బాధ్యత.