భావ ప్రసారం – రకాలు, విధులు: వ్యవసాయ విస్తరణలో అన్వయం

వ్యవసాయ పరిశోధనా ఫలితం రైతు పొలంలో ఆచరణగా మారినప్పుడే దాని ప్రయోజనం నెరవేరుతుంది. పరిశోధనా కేంద్రానికి, పొలానికి మధ్యనున్న దూరాన్ని తగ్గించే సాధనం భావ ప్రసారం. అయితే సందేశాన్ని పంపడమే భావ ప్రసారమన్న అపోహ విస్తరణ రంగంలో తరచుగా కనిపిస్తుంది. 'లీటరు నీటికి 0.4 గ్రాములు' అన్న సిఫారసు కరపత్రంలో తప్పు లేకుండానే అచ్చయి ఉండవచ్చు. అదే మందును రైతు చెంచాతోనో, డబ్బా మూతతోనో కొలిచినప్పుడు మోతాదు మారిపోతే ఖర్చు పెరుగుతుంది, పురుగు అదుపులోకి రాదు, పిచికారీ చేసే వ్యక్తి ఆరోగ్యానికీ ముప్పు కలుగుతుంది. కావున భావ ప్రసార రకాలను, విధులను తెలుసుకోవడం పరీక్షలకు మాత్రమే పరిమితమైన విషయం కాదు. ఏ విధికి ఏ రకం తగినదో నిర్ణయించుకోవడంపైనే సిఫారసు ఫలితం ఆధారపడి ఉంటుంది.

భావ ప్రసార ప్రక్రియ

ఒక వ్యక్తి తన మనసులోని భావాన్ని మాటలు, రాతలు, చిత్రాలు లేదా సంజ్ఞల ద్వారా మరొకరికి చేర్చి, ఇద్దరి మధ్య ఉమ్మడి అవగాహన కల్పించుకోవడమే భావ ప్రసారం. 1948లో హెరాల్డ్ లాస్‌వెల్ ఈ ప్రక్రియను ఐదు ప్రశ్నలుగా విభజించాడు: ఎవరు చెబుతున్నారు, ఏమి చెబుతున్నారు, ఏ మాధ్యమం ద్వారా, ఎవరికి, ఏ ఫలితంతో? అదే సంవత్సరం క్లాడ్ షానన్ ప్రతిపాదించిన గణిత సిద్ధాంతం సంకేతాల ప్రసారానికి సంబంధించినది. సంకేతం వెనుక గల అర్థాన్ని అది చర్చకు తీసుకోలేదు. 1960లో డేవిడ్ బెర్లో మూలం, సందేశం, మాధ్యమం, గ్రహీత అనే నాలుగు అంశాలతో తన నమూనాను రూపొందించాడు. అర్థం మాటలలో కాక మనుషులలో ఉంటుందన్నది ఆయన వాదన. విస్తరణ కార్యకర్తకు ఈ అంశం అత్యంత ముఖ్యమైనది. శాస్త్రవేత్త 'మోతాదు' అన్నప్పుడు ఆయన మనసులో గ్రాములు మెదులుతాయి. రైతు మనసులో ట్యాంకుకు ఎన్ని మూతలన్న లెక్క మెదులుతుంది.

ప్రధాన రకాలు

వ్యక్తీకరణ విధానాన్ని బట్టి భావ ప్రసారం శాబ్దికం, అశాబ్దికం అని రెండు విధాలు. శాబ్దికంలో మౌఖిక, లిఖిత రూపాలున్నాయి. మౌఖిక ప్రసారంలో సందేహం వెంటనే తీరుతుంది, కాని చెప్పిన మాట కొన్నాళ్లకు మరపున పడవచ్చు. లిఖిత ప్రసారం నిలిచి ఉంటుంది, కాని చదవగలిగిన వారికే ఉపయోగపడుతుంది.

ముఖ కవళికలు, స్వరం, సంజ్ఞలు, రంగులు, గుర్తులు అశాబ్దిక ప్రసారం కిందికి వస్తాయి. పురుగుమందుల డబ్బాలపై ఉండే రంగు త్రిభుజం దీనికి చక్కని ఉదాహరణ. విష తీవ్రత అవరోహణ క్రమంలో ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ రంగులను వాడతారు. చదువు రానివారికి సైతం ప్రమాద తీవ్రత తెలియజేయడం ఈ గుర్తు ఉద్దేశం. అయితే రంగుకు అర్థం దానంతట అది రాదు. ఆకుపచ్చను పంటకు, క్షేమానికి చిహ్నంగా భావించే అలవాటున్న రైతు ఆ మందు హాని చేయదని అనుకునే అవకాశం ఉంది. వాస్తవానికి అది తక్కువ విష తీవ్రత గలది మాత్రమే. చేతి తొడుగులు, ముఖ కవచం దానికీ అవసరమే. గుర్తును చూపడంతో పాటు దాని అర్థాన్ని వివరించడం విస్తరణ బాధ్యత.

ఈ సందర్భంలో విద్యార్థులు ఒక విషయం గమనించాలి. భావ ప్రసారంలో మాటల పాత్ర 7 శాతమేనని, స్వరానిది 38 శాతం, ముఖ కవళికలది 55 శాతమని శిక్షణా తరగతులలో తరచుగా చెబుతుంటారు. ఆల్బర్ట్ మెహ్రాబియన్ 1967 నాటి ప్రయోగాల నుంచి వచ్చిన ఈ అంకెలు ఇష్టాయిష్టాల వంటి భావాల వ్యక్తీకరణకే పరిమితం. మోతాదు, విత్తే సమయం వంటి సాంకేతిక విషయాలకు అవి వర్తించవు. వర్తించేటట్లయితే ఫోనులో ఏ సిఫారసునూ చెప్పడం సాధ్యమయ్యేది కాదు.

పాల్గొనేవారి సంఖ్యను బట్టి స్వగత, వ్యక్తుల మధ్య, బృంద, సామూహిక ప్రసారాలని నాలుగు రకాలు. రైతు తన అనుభవాన్ని, చేతిలోని పెట్టుబడిని బేరీజు వేసుకుని తనలో తాను తర్కించుకోవడం స్వగత ప్రసారం. బయటి నుంచి వచ్చిన ప్రతి సలహా చివరకు ఈ దశ దాటవలసిందే. పొలం గట్టున జరిగే సంభాషణ, 2004లో ప్రారంభమైన కిసాన్ కాల్ సెంటర్ ద్వారా లభించే సలహా వ్యక్తుల మధ్య ప్రసారానికి చెందినవి. రైతు సదస్సు, క్షేత్ర దినోత్సవం బృంద ప్రసారానికి, రేడియో, దూరదర్శన్, పత్రికలు సామూహిక ప్రసారానికి ఉదాహరణలు.

నాలుగు విధులు

మొదటిది సమాచార విధి. తెలియని విషయాన్ని సకాలంలో తెలియజేయడం దీని లక్ష్యం. వారానికి రెండుసార్లు, మంగళ, శుక్రవారాలలో వెలువడే వ్యవసాయ వాతావరణ సలహాలు ఈ కోవకు చెందినవి. తక్కువ సమయంలో ఎక్కువ మందికి చేరవలసి ఉన్నందున దీనికి సామూహిక మాధ్యమాలే తగినవి.

రెండవది బోధన విధి. పనిని ఎలా చేయాలో నేర్పడం దీని ఉద్దేశం. మొక్కజొన్నలో కత్తెర పురుగు నివారణకు ఎమామెక్టిన్ బెంజోయేట్ 5 ఎస్.జి. మందును లీటరు నీటికి 0.4 గ్రాముల చొప్పున సిఫారసు చేస్తారు. 16 లీటర్ల ట్యాంకుకు 6.4 గ్రాములు, ఎకరాకు 200 లీటర్ల నీరు వాడితే 80 గ్రాములు అవసరమవుతాయి. పురుగు ఆకు సుడిలో దాగి ఉంటుంది కనుక ద్రావణం సుడిలోపల పడాలి. ఈ లెక్కను, నాజిల్ పట్టే తీరును రేడియోలో వినిపించడం కంటే పద్ధతి ప్రదర్శన ద్వారా రైతు చేతనే చేయించడం ఉత్తమం.

మూడవది ప్రభావిత విధి, అంటే వైఖరిలో మార్పు తీసుకురావడం. అమెరికాలోని అయోవా రాష్ట్రంలో సంకర మొక్కజొన్న వ్యాప్తిపై రయాన్, గ్రాస్ 1943లో ప్రచురించిన అధ్యయనం ఇందుకు ప్రసిద్ధ ఉదాహరణ. పరిశీలించిన 259 మంది రైతులలో ఇద్దరు తప్ప అందరూ 1928–1941 మధ్యకాలంలో ఆ విత్తనాన్ని స్వీకరించారు. విత్తనం గురించి ఎక్కువ మంది మొదట విన్నది విక్రయ ప్రతినిధుల నుంచి. స్వీకరించాలన్న నిర్ణయానికి ఎక్కువగా దోహదపడింది ఇరుగుపొరుగు రైతుల అనుభవం. తెలియడానికి, నమ్మడానికి మూలాలు వేరని ఈ అధ్యయనం నిరూపించింది. ఫలిత ప్రదర్శన క్షేత్రాన్ని తోటి రైతు పొలంలోనే ఏర్పాటు చేయడానికి కారణం ఇదే.

నాలుగవది సమైక్యతా విధి. కొన్ని సమస్యలు ఒక్క రైతు ప్రయత్నంతో తీరవు. పత్తిలో గులాబీ రంగు పురుగు నివారణకు డిసెంబరు తరువాత పంటను పొడిగించరాదు, మోళ్లను తొలగించి నాశనం చేయాలి. ఒకరు పాటించి పక్క రైతు పాటించకపోతే ఆ పొలం నుంచి రెక్కల పురుగులు తరలివస్తాయి. ఇక్కడ కావలసినది గ్రామమంతటి ఉమ్మడి నిర్ణయం. వ్యక్తిగత ఫోన్లకు పంపే సందేశాలు దానిని సాధించలేవు. రైతులు ఒకచోట కూర్చుని, అభ్యంతరాలు చెప్పుకుని, తేదీ నిర్ణయించుకునే బృంద చర్చ అవసరం. చివరి తీతల ఆదాయాన్ని వదులుకోవలసి వచ్చే రైతు మాట కూడా ఆ చర్చలో వినిపించాలి.

విధికి, రకానికి పొంతన

పై ఉదాహరణలను బట్టి అనేక విస్తరణ కార్యక్రమాలు ఆశించిన ఫలితం ఇవ్వకపోవడానికి ఒక కారణం స్పష్టమవుతుంది. బోధన, ప్రభావితం, సమైక్యత అవసరమైన చోట సమాచారంతో సరిపెట్టడం జరుగుతున్నది. కరపత్రాల సంఖ్య, సందేశాల సంఖ్య నివేదికలలో నమోదవుతాయి. రైతు ఏమి గ్రహించాడన్నది నమోదు కాదు. ఈ లోటును పూరించేది ప్రతిస్పందన. 'అర్థమైందా?' అని అడిగితే మర్యాద కొద్దీ 'అయింది' అనే సమాధానమే వస్తుంది. 'ఈ ట్యాంకుకు ఎంత మందు కలుపుతారో చూపండి' అని కోరితే అసలు అవగాహన బయటపడుతుంది. అక్కడ దొర్లిన పొరపాటును రైతు లోపంగా కాక సందేశంలో సరిదిద్దవలసిన అంశంగా స్వీకరించాలి.

ముగింపు

సందేశాన్ని రూపొందించే ముందు విస్తరణ శాస్త్రవేత్త నాలుగు విషయాలు నిర్ధారించుకోవాలి: రైతుకు తెలియజేయాలా, నేర్పాలా, ఒప్పించాలా, నలుగురినీ ఒకచోటికి చేర్చాలా? ఆ తరువాతే మాధ్యమాన్ని ఎంచుకోవాలి. రైతు చేతిలోని కొలత, రైతు వాడే మాట సందేశంలో చోటు చేసుకోవాలి. కరపత్రంలో 0.4 గ్రాముల పక్కనే 'ట్యాంకుకు ఎంత' అన్న లెక్క చేర్చి, దానిని పదిమంది రైతుల చేత కలిపించి చూసిన తరువాతే అచ్చుకు పంపడం ఈ దిశలో ఒక చిన్న ఆరంభం.