అలివి వల

నెల్లూరు మండలమున మైపాడు మొదలగు తీరగ్రామముల జాలరులకు అలివి వల తరతరముల పని. త్రాటి యొక కొనను ఒడ్డున నుంచి, పడవపై వలను సముద్రమున అర్ధచంద్రాకారముగా విడిచి, రెండవ కొనను మరల ఒడ్డునకు తెత్తురు. పిమ్మట రెండు జట్లవారు ఇసుకలో మడమలు గ్రుచ్చి, నడుము వెనుకకు వాల్చి లాగుదురు. ఈ పనిలో పెరిగిన యువకునకు వేరుగ వ్యాయామమేల?

ఎముక జీవము గల పదార్థము. బరువు పడినకొలది అది గట్టిపడును. ఈ గుణము బాల్య యౌవనములందే అధికము. సుమారు ముప్పదియేండ్లలోపల కూడబెట్టిన బలమే పిదప జీవితమునకు నిలువధనము.

నేడు తీరపు యువకులనేకులు చదువులకు, ఉద్యోగములకు పట్టణములు చేరుచున్నారు. బడిలో ఆటల గంటయైన నుండును; పిమ్మట అదియు నుండదు. శ్రమ తగ్గినను కంచములోని అన్నము మాత్రము తగ్గదు!

2016 నాటి లెక్కలలో, లోకమున 11 మొదలు 17 ఏండ్లవారిలో నూటికి 81 మందికి చాలినంత దేహశ్రమ లేదు. బాలికలలో ఈ కొరత మఱింత హెచ్చు. వీరికి దినమునకు సగటున 60 నిమిషముల శ్రమయు, 18 ఏండ్లు నిండినవారికి వారమునకు 150 మొదలు 300 నిమిషముల శ్రమయు వలయునని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో తెలిపినది. వడిగల నడక, ఈత, చెడుగుడు, సైకిలు త్రొక్కుట, అన్నియు నీ లెక్కలో చేరును. ఊపిరి కొంచెము వేగముగా ఆడవలెను, అంతియే.