ఊరు మారినా పోని ఉద్యోగం

బ్యాంకు ఉద్యోగికి బదిలీ ఉత్తర్వు వచ్చిందంటే, ఆ ఇంట్లో ఉద్యోగం చేసే రెండో మనిషి రాజీనామా రాసుకోవాల్సిందే. మా ఇంట్లో ఆ రాజీనామాలు రాసింది మావారు. మెకానికల్ ఇంజనీరింగ్‌లో బీటెక్ చేసిన ఆయన 16 ఏళ్ళలో నా వెంట నాలుగు ఊళ్ళు తిరిగి, నాలుగు కార్ల వర్క్‌షాపుల్లో పని చేశారు. ప్రతిచోటా కాస్త నిలదొక్కుకునే వేళకు నాకు ఆర్డరు వచ్చేది. ఎంబీఏలో మానవ వనరుల పాఠాలు చదివిన నేను, ఇంట్లో మనిషి సీనియారిటీ ఎన్నిసార్లు సున్నా అయిందో ఏనాడూ లెక్కపెట్టలేదు.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు మేము విజయవాడలో ఉన్నాం. నీట మునిగిన కార్లు ఆయన వర్క్‌షాపు బయట రోడ్డు దాకా బారులు తీరాయి. బీమా సర్వేయర్లు రోజూ వచ్చి, డిప్‌స్టిక్ తీసి ఇంజన్ ఆయిల్ రంగు చూసి, ఫొటోలు తీసుకుని వెళ్ళేవారు. వారిలో ఒక పెద్దాయన, "బండి గురించి మీకు తెలుసు. పాలసీ గురించి కూడా నేర్చుకుంటే ఈ పని మీరూ చేయవచ్చు" అన్నారట. ఆ రాత్రి మా ఇంట్లో అదే చర్చ.

సర్వేయర్ అంటే బీమా కంపెనీ ఉద్యోగి అని నేనూ అనుకునేదాన్ని. కాదు. 1938 బీమా చట్టంలోని 64యూఎం సెక్షన్ కింద, హైదరాబాదులో కేంద్ర కార్యాలయం ఉన్న ఐఆర్‌డీఏఐ నుంచి లైసెన్సు పొందిన స్వతంత్ర నిపుణుడు. ఫీజు కంపెనీ ఇస్తుంది. నివేదిక మాత్రం ఎవరి పక్షమూ వహించకూడదు. 2015 నిబంధనల ప్రకారం మోటారు నష్టం 50,000 రూపాయలు, ఇతర నష్టాలు లక్ష రూపాయలు దాటితే లైసెన్సు ఉన్న సర్వేయర్ చూడాలి.

ఈ వృత్తిలోకి రావడానికి ఇంజనీరింగ్, సీఏ, కాస్ట్ అకౌంటెన్సీ వంటి అర్హత ఏదో ఒకటి ఉండాలి. సర్వేయర్ల సంస్థ ఐఐఐఎస్‌ఎల్‌ఏలో విద్యార్థి సభ్యుడిగా చేరి, అనుభవం ఉన్న సర్వేయర్ దగ్గర 12 నెలలు శిక్షణ పొందాలి. ముంబైలోని ఇన్సూరెన్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇండియా నిర్వహించే పరీక్ష పాసవ్వాలి. ఈ రెండూ పూర్తయ్యాకే లైసెన్సు. దాని గడువు మూడేళ్ళు, ఆ తర్వాత పునరుద్ధరించుకోవాలి.

చదవడానికి సులువుగానే ఉంటుంది. కష్టమల్లా ఆ ఏడాది జీతం లేకపోవడమే. ఇంటి లోను వాయిదా, అమ్మాయి ఇంటర్ ఫీజు ఆగవు కదా. కాగితం మీద లెక్క వేసుకుని, ఏడాది ఖర్చులో ఆయన వాటాకు సరిపడా డిపాజిట్ పక్కన పెట్టాకే తర్వాతి సంక్రాంతికి ఆయన ఉద్యోగం మానేశారు.

పరీక్ష మొదటిసారి తప్పారు. 44 ఏళ్ళ వయసులో ఫెయిలయ్యానని అమ్మాయికి తనే చెప్పారు. ఎక్కడ పొరపాటు జరిగిందో ఇద్దరం కూర్చుని చూశాం. మోటారు విషయాల్లో తిరుగులేదు. దెబ్బ తగిలింది బీమా సూత్రాల దగ్గర. మెకానిక్ బుర్ర "బాగు చేయడానికి ఎంత అవుతుంది?" అని ఆలోచిస్తుంది. సర్వేయర్ "అందులో పాలసీ ఎంత భరిస్తుంది?" అని చూడాలి.

ఆ తేడా నాకు అర్థమయ్యేలా ఆయన భోజనాల బల్ల మీద ఒక లెక్క వేసి చూపించారు. మూడున్నరేళ్ళ కారు. విడిభాగాల బిల్లు 24,000. అందులో ప్లాస్టిక్ బంపర్ 8,000, దానికి 50 శాతం తరుగు పోతే 4,000. అద్దం 6,000, గాజుకు తరుగు లేదు కాబట్టి పూర్తిగా ఇస్తారు. లోహపు తలుపు 10,000, ఆ వయసు కారుకు 25 శాతం తరుగు పోగా 7,500. మొత్తం 17,500. 1500 సీసీ లోపు కారుకు తప్పనిసరి కోత 1,000 తీసేస్తే చేతికొచ్చేది 16,500. తరుగు లేని పాలసీ తీసుకుంటే లెక్క వేరు. క్లెయిము తక్కువ వచ్చిందని మనలో చాలామంది బాధపడే చోటు ఇదే.

ఇంకో మాట కూడా చెప్పారు, మీరూ గుర్తుంచుకోండి. నీట మునిగిన కారును స్టార్ట్ చేయకండి. ఇంజన్‌లోకి నీరు చేరి ఉంటే స్టార్ట్ చేయడం వల్లే పెద్ద నష్టం జరుగుతుంది. ఇంజన్ రక్షణ కోసం అదనపు కవరు తీసుకోకపోతే ఆ నష్టానికి మామూలు పాలసీలో డబ్బు రాకపోవచ్చు.

రెండోసారి పరీక్ష పాసయ్యారు. లైసెన్సు కూడా వచ్చింది. అయితే లైసెన్సు వచ్చిన మర్నాడే పని రాదు. కంపెనీల ప్యానెళ్ళలో చోటు దొరకాలి, పేరు నిలబడాలి. మొదటి నెలల్లో ఆయన సంపాదన పెట్రోలు ఖర్చుకే సరిపోయింది. మీ ఇంట్లో ఎవరైనా ఈ దారి ఆలోచిస్తుంటే ముందు అర్హత సరిచూసుకోండి. తర్వాత శిక్షణ ఇచ్చే సర్వేయర్‌ను వెతికి మాట్లాడండి. ఏడాదిన్నర ఖర్చుకు డబ్బు చూసుకోండి. ఉద్యోగం మానడం ఆ తర్వాతి సంగతి.

గత నెల నాకు కర్నూలుకు ఆర్డరు వచ్చింది. ఇంటికి వెళ్ళి చెప్పడానికి ఎప్పటిలాగే మనసొప్పలేదు. ఆయన కాగితం చదివి, "చిరునామా మారిందని తెలియజేస్తే సరిపోతుంది" అన్నారు. కర్నూలులో ప్యానెళ్ళ చుట్టూ మళ్ళీ తిరగాలి, అది నిజమే. కానీ ఈసారి ఆయన రాజీనామా ఎవరికీ ఇవ్వక్కర్లేదు.